ఎడమ చేతి వైపు సముద్రం

పోర్తో నుంచి సాంతియాగో దాకా సముద్రం ఒడ్డున నడిచి వెళ్లబోతున్నానని చెప్పినప్పుడు, భీమిలిలో ఉండే మా పెద్దమ్మ దీపానికి వత్తులు చేసుకుంటూ, తల ఎత్తకుండానే ఒక మాట అంది. "ఒడ్డెంబడి నడకే కదా నాయనా, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క నేల. ఇంక దారి తప్పడానికేటుంది?" ఆ మాట నాకప్పుడు న్యాయంగానే తోచింది. సముద్రం పక్కన పుట్టి పెరిగినవారికెవరికైనా అలాగే తోస్తుంది. పదమూడు రోజుల నడక ముగించుకుని తిరిగి వచ్చాక, ఎలా జరిగిందని ఆవిడ అడిగితే, బాగానే జరిగిందని చెప్పి ఊరుకున్నాను. ఆవిడ ప్రశ్నకు అసలు జవాబు కొంచెం పొడుగైనది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జెబెదయి కుమారుడైన యాకోబు అపొస్తలుడి సమాధి స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న గలీసియాలో ఉందని క్రైస్తవుల నమ్మకం. తొమ్మిదో శతాబ్దంలో ఆ సమాధి బయటపడిందన్న వార్త పొక్కిన నాటి నుంచి సాంతియాగో ది కాంపోస్తెలాకు ఐరోపా నలుమూలల నుంచీ యాత్రికులు నడిచి వస్తున్నారు. ఆ కాలిబాటలన్నిటికీ కలిపి కమీనో అని పేరు. పిరనీస్ పర్వతాల మీదుగా వచ్చే ఫ్రెంచి మార్గానికి ఉన్నంత ప్రసిద్ధి మిగతావాటికి లేదు. నేను ఎంచుకున్నది పోర్చుగల్ తీరమార్గం. పోర్తో నగరంలోని పెద్ద చర్చి దగ్గర మొదలై, అట్లాంటిక్ పక్కన ఉత్తరంగా సాగి, మీన్యు నది దగ్గర సరిహద్దు దాటి, గలీసియాలో రెదొండేలా అనే ఊరి వద్ద లోపలి మార్గంతో కలిసి సాంతియాగో చేరే ఈ దారి సుమారు 280 కిలోమీటర్లు ఉంటుంది. 2024లో సాంతియాగోలో, యాత్ర పూర్తి చేసినట్టు ఇచ్చే యాత్రాపత్రం తీసుకున్నవారు దాదాపు 5 లక్షల మంది, వారిలో 70 వేలకు పైగా ఈ తీరమార్గాన వచ్చినవారు. నేను క్రైస్తవుణ్ణి కాను. ఏటా ఆషాఢంలో సింహాచలం అప్పన్న కొండ చుట్టూ నడిచి వచ్చే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, దేవుడి కోసం కాళ్లకు పని చెప్పడం అన్నది మాత్రం నాకు కొత్త కాదు.

కొత్తగా అనిపించింది సముద్రమే. విశాఖపట్నం మనిషికి సముద్రమంటే తూర్పు. ఇది ఆలోచించి తెలుసుకునే సంగతి కాదు, ఒంట్లోనే ఉంటుంది. ఏ ఊరు వెళ్లినా నీళ్లు కనిపించగానే నా తల దానంతటదే అటువైపు తూర్పు అని రాసేసుకుంటుంది. పోర్చుగల్‌లో సముద్రం పడమర. ఉత్తరానికి నడిచేవాడికి అది ఎడమ చేతి వైపు ఉంటుంది, సూర్యుడు అందులోంచి లేవడు, అందులోకి దిగుతాడు. నాలుగు రోజుల పాటు నేను ఉత్తరానికి నడుస్తూ దక్షిణానికి పోతున్నట్టే అనుకున్నాను. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, కాఫీ తాగడానికి ఆగిన చోటు నుంచి బయటకు వచ్చి, ఏ అనుమానమూ లేకుండా, వచ్చిన దారినే అర కిలోమీటరు వెనక్కి నడిచాను. సముద్రం కనిపిస్తూనే ఉంది, దాని హోరు వినిపిస్తూనే ఉంది. పెద్దమ్మ చెప్పిన ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క నేల అనే సూత్రంలో ఏ పక్క ఏది అన్న చిన్న సంగతి చెప్పకుండా ఉండిపోయింది.

మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి. మనం వాటిని ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం గానీ అవి ఒకటి కావు. జాతరలో పిల్లవాడు తప్పిపోతాడు. వాడెక్కడున్నాడో వాడికీ తెలియదు, వెతికేవాళ్లకూ తెలియదు. దారి తప్పడం వేరు. దారి తప్పినవాడికి తానెక్కడున్నాడో స్పష్టంగా తెలిసి ఉండవచ్చు, ఉండవలసిన చోట లేడంతే. తీరం వెంట నడిచే యాత్రలో మనిషి తప్పిపోవడం అసాధ్యానికి దగ్గర. దారి తప్పడం మాత్రం రోజూ జరిగే పని. సముద్రం మొదటి ప్రమాదం నుంచి కాపాడుతుంది కనుక, రెండో ప్రమాదం నుంచి కూడా కాపాడుతుందని నమ్ముతాం.

పోర్తో నుంచి బయటపడే దారిలోనే ఇది మొదలవుతుంది. చర్చి దగ్గర కనిపించే పసుపు బాణాలు లోపలి మార్గానికీ తీస్తాయి, తీరానికీ తీస్తాయి. దోరు నది పక్కనే దిగి, నది సముద్రంలో కలిసే చోటు నుంచి ఉత్తరానికి తిరిగితే మతోజిన్యూష్ రేవు వస్తుంది. అక్కడ ఓడల కోసం పైకి లేచే వంతెన మీదుగా లేసా నది దాటాలి. ఆ తరువాత ఇసుక దిబ్బల మీద చెక్కబాట పరిచారు. దిబ్బలను పట్టి ఉంచే గడ్డీ పొదలూ కాళ్ల కింద నలిగిపోకుండా వేసిన బాట అది. కిలోమీటర్ల తరబడి సాగే ఆ చెక్కల మీద నడుస్తుంటే ఇంతకన్నా తేలికైన యాత్ర ఉండదనిపిస్తుంది. అయితే కమీనో తీరమార్గమని చెప్పే గుర్తులు మాటిమాటికీ ఆ చెక్కబాటను విడిచి, లోపలికి, ఉల్లి, క్యాబేజీ పొలాల మధ్య రాళ్లు పరిచిన ఇరుకు వీధుల్లోకి తిరుగుతాయి. ఒడ్డునే అంటిపెట్టుకుని పోయే దారికి వేరే గుర్తులున్నాయి, కొన్ని చోట్ల అసలే లేవు. కళ్ల ముందు సముద్రం ఉండగా, అలలను వదిలేసి కోళ్లు అరుస్తున్న సందులోకి ఎందుకు వెళ్లాలి? మొదటి రెండు రోజులూ నేను వెళ్లలేదు.

మూడో రోజున తెలిసింది. బాణం కుడికి తిరగమంది, నేను ఒడ్డునే పోయాను. గంటన్నర తరువాత ఒక ఏరు సముద్రంలో కలిసే చోట నిలబడ్డాను. మ్యాపులో అది దారమంత సన్నగా ఉంది. పాటు సమయంలో అయితే మోకాటి లోతున దాటి ఉండేవాణ్ణేమో గానీ, అప్పుడు పోటు. సముద్రం ఏటిలోకి ఎదురెక్కుతోంది, నీళ్లు తేనె రంగులో సుళ్లు తిరుగుతున్నాయి. అవతలి ఒడ్డు ఒక మనిషి పిలిస్తే వినిపించేంత దగ్గర. వంతెన చూడబోతే లోపలికి మూడు కిలోమీటర్ల దూరంలో, బాణం నన్ను ఏ వీధిలోంచి తీసుకుపోవాలనుకుందో ఆ వీధి చివరనే ఉంది. వీపు మీద తొమ్మిది కిలోల సంచితో వెనక్కి నడుస్తూ బాణాన్ని తిట్టుకోవడానికి కూడా నాకు అవకాశం లేకపోయింది.

తీరం అన్నది మ్యాపులో ఒక గీత. నేల మీద అది నదులు కోసిన ముక్కల వరుస. దోరు, లేసా, ఆవె, కావదు, నైవ, లీమా, మీన్యు. పోర్తో నుంచి స్పెయిన్ దాకా ఇన్ని నదులు అడ్డం వస్తాయి. పాత కాలపు దారి ఎప్పుడూ వంతెన ఉన్నచోటికీ, రేవు ఉన్నచోటికీ, పడవవాడు దొరికే చోటికీ పోతుంది. చూడముచ్చటైన చోటికి పోవలసిన పని దానికి లేదు. వియానా దు కాస్తెలు పట్టణంలోకి నేను లీమా నది మీద ఐఫెల్ సంస్థ కట్టిన ఇనుప వంతెన మీదుగా ప్రవేశించాను. 1878లో తెరిచిన ఆ వంతెనకు పైన రోడ్డు, కింద రైలు. లారీ వచ్చినప్పుడల్లా ఇరుకు కాలిబాట వణుకుతుంటే కింద నీళ్లను చూడకుండా అర కిలోమీటరుకు పైగా నడవాలి. వంతెన కట్టకముందు యాత్రికుడు పడవ మీద దాటేవాడు. మన కోస్తా బాట సంగతీ ఇంతే. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మరుసటి ఏడు పూరీ, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా తిరిగివస్తూ రాసుకున్న దినచర్యలో సముద్రం అందాల కన్నా, ఏ మజిలీలో నీళ్లున్నాయి, బజారుందా, బసకు చోటుందా, బాట ఇసకా గట్టినేలా అన్న వివరాలే ఎక్కువ. పల్లకీలో వెళ్లినవాడికే అవి అంత ముఖ్యమైతే, కాలినడకవాడికి ఇంకెంత?

ఇప్పుడు బాణం సంగతి. అది పురాతనమైన గుర్తేమీ కాదు. గలీసియా కొండల్లో ఓ సెబ్రేరో అనే కుగ్రామంలో ఎలియాస్ వలీన్యా అనే ఫాదరీ ఉండేవారు. పాత యాత్రామార్గం మీద పరిశోధన చేసిన మనిషి. 1984లో ఆయన తన కారులో పసుపు రంగు డబ్బాలు వేసుకుని ఫ్రెంచి మార్గం పొడవునా చెట్లకూ రాళ్లకూ గోడలకూ బాణాలు గీశారు. రోడ్డు పనుల్లో మిగిలిన రంగు చవగ్గా దొరకడం వల్లనే అది పసుపు అయిందని చెబుతారు. పిరనీస్ దగ్గర పోలీసులు ఆపి ఏం చేస్తున్నావని అడిగితే, పెద్ద దండయాత్రకు ఏర్పాట్లు చేస్తున్నానని ఆయన జవాబిచ్చాడన్న కథ దారిలో ప్రతి బసలోనూ వినిపిస్తుంది. అప్పటికి ఆ దారిలో నడిచేవారు బహు కొద్దిమంది. 1987లో ఐరోపా మండలి కమీనోను తన మొదటి సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. 1989లో ఆయన చనిపోయాడు. ఇవాళ ఐరోపాలో ఏ మూల గోడ మీద పసుపు బాణం కనబడినా అది ఎటు చూపిస్తోందో యాత్రికుడికి వేరే చెప్పనక్కరలేదు. పోర్చుగల్‌లో కొన్ని చోట్ల పసుపు బాణం పక్కనే నీలి బాణం ఒకటి ఎదురు దిక్కుకు చూపిస్తూ ఉంటుంది. అది పోర్చుగల్‌లోనే ఉన్న ఇంకో పుణ్యక్షేత్రం ఫాతిమాకు. ఒకే గోడ ఇద్దరు యాత్రికులను రెండు దిక్కులకు పంపుతుంది, ఇద్దరూ సరైన దారిలోనే ఉంటారు.

నాకు ఆ బాణాల్లో నచ్చింది అవి చేత్తో గీసినవి కావడం. ఒక బాణం వంకర, ఒకటి పొట్టి, ఒకటి మీద మరోసారి రంగు వేసినప్పుడు కారిన చుక్కలు. కరెంటు స్తంభం మీద, తూము మీద, చెత్తకుండీ వెనకాల, ఒకచోట కదలడం మానేసిన ట్రాక్టరు చక్రం మీద. వీటిని గీసినవాడు నేను నిలబడ్డ చోటనే నిలబడి, నా కళ్లు ఎటు వెళ్తాయో ఊహించాడు. అడ్డదారి ఉన్న చోట గుర్తు పెట్టడం కాదు అసలు నేర్పు. మలుపు దాటిన తరువాత, నడిచేవాడికి అనుమానం పుట్టే సరిగ్గా ఆ చోట, ఇది దారేనని చెప్పే రెండో గుర్తు పెట్టడం. మంచి చేయి గీసిన బాణాలకూ, లెక్క ప్రకారం గీసిన బాణాలకూ తేడా నాకు అక్కడే తెలిసేది.

పోవువా ది వర్జీం రేవులో జాలరుల పాత గుర్తులు చూసినప్పుడు ఈ ఆలోచన ఇంకా బలపడింది. చదువు రాని రోజుల్లో అక్కడ కుటుంబానికొక గీతల గుర్తు ఉండేది. పడవ మీదా వల మీదా ఇంటి సామాను మీదా అదే చెక్కేవారు. కొడుకులు తండ్రి గుర్తుకు తలా ఒక చిన్న గీత చేర్చుకునేవారు. ఆఖరివాడికి మాత్రం తండ్రి గుర్తు ఉన్నదున్నట్టు దక్కేది. మొక్కు తీర్చుకోవడానికి వెళ్లిన గుడుల తలుపుల మీద కూడా వాళ్లు ఆ గుర్తులు చెక్కి వచ్చేవారు. గుర్తు వెనక ఒక ఇల్లుంది, గుర్తుకు ఒక పూచీ ఉంది. గుర్తును నమ్మడమంటే ఆ ఇంటిని నమ్మడమే.

బాణాలన్నీ నమ్మదగ్గవని నేననడం లేదు. ఒక ఊళ్లో కొత్తగా, చిక్కటి పసుపుతో గీసిన బాణం నన్ను నాలుగు వందల మీటర్లు పక్కకు తీసుకుపోయి ఒక కాఫీ దుకాణం గుమ్మంలో వదిలింది. కాఫీ బాగుంది, అది వేరే సంగతి. మరో ఊళ్లో ఒకే స్తంభం మీద ఒక బాణం ఎడమకూ ఇంకొకటి నేరుగానూ చూపించాయి. ఒకటి ఆ ఊరి బజారు గుండా పోయేది, ఇంకొకటి బజారును తప్పించేది. దారి డబ్బు తెస్తుందని తెలిశాక, దారి ఎవరి గుమ్మం ముందు నుంచి పోవాలన్నది తగాదా అవుతుంది. తీరంలో ఈ తగాదా మరింత సులభం. లోపలి మార్గంలో పాత వంతెనా పాత చర్చీ దారిని కట్టి ఉంచుతాయి. ఒడ్డున మాత్రం సముద్రం కనిపించే ప్రతి రోడ్డూ తానే కమీనో అనగలదు.

అందుకే కొందరు అసలు తీరమార్గమే బూటకమంటారు. బార్సెలుష్, పొంతె ది లీమా మీదుగా పోయే లోపలి దారే చరిత్ర గల దారి, ఒడ్డుది పర్యాటక శాఖలు పుట్టించిన షికారు అని పోర్తో బసలో ఒక జర్మన్ పెద్దాయన నాతో గట్టిగానే వాదించాడు. ఆయన మాటలో సగం నిజముంది. దిబ్బల మీది చెక్కబాట మీద ఏ మధ్యయుగపు యాత్రికుడూ నడవలేదు. అయితే కస్తెలు దు నైవ గ్రామంలో యాకోబు పేరిట ఉన్న చర్చిలో 862వ సంవత్సరపు ప్రతిష్ఠా శాసనం దొరికింది. స్పెయిన్ బయట ఆ అపొస్తలుడి పేరున ఉన్నవాటిలో అదే అతి పాతదంటారు. ఆ ఊరు ఉన్నది తీరమార్గం మీదనే, ఒడ్డుకు కొంచెం లోపలగా, సరిగ్గా బాణాలు మనల్ని తీసుకుపోయే చోట. నేను సముద్రం చూసుకుంటూ తప్పించుకు పోదామనుకున్న ఆ కోళ్ల సందులే పాత దారి. ఒడ్డు కొత్తది, తీరమార్గం పాతది. ఈ రెండింటినీ కలిపేసి పోట్లాడుకుంటున్నాం.

మరి ఫోను? ఫోను లేకుండా నడిచానని గొప్పలు చెప్పుకునేవారిలో నేను లేను. అది రోజూ నా జేబులోనే ఉంది, రోజుకు నాలుగైదు సార్లు తీశాను. తీసిన ప్రతిసారీ అది నేనెక్కడున్నానో తప్పు లేకుండా చెప్పింది. ఎటు పోవాలని అడిగినప్పుడు మాత్రం, గమ్యానికి దగ్గరి దారి చూపించింది. గలీసియా తీరంలోని ఓయా దగ్గర ఆ దగ్గరి దారి కార్లు దూసుకుపోయే రోడ్డు అంచు. పన్నెండో శతాబ్దంలో వెలసిన మఠం అక్కడ అలల పక్కనే నిలబడి ఉంటుంది. బాణాలు మనిషిని రోడ్డు దాటించి ఆ మఠం గోడల పక్కకు దింపుతాయి. ఇందులో ఫోను తప్పేమీ లేదు. దానికి ఉపగ్రహం తెలుసు, నేను తెలియదు. ఫోను తప్పిపోకుండా చూస్తుంది, బాణం దారి తప్పకుండా చూస్తుంది. ఒకదాని పని ఇంకొకదానికి అప్పగించినప్పుడల్లా నేను చిక్కుల్లో పడ్డాను. బాణాలున్నాయి కదా అని ఫోను ఆపేసిన రోజున పొగమంచులో ఒక గుర్తు చూడక, నేనెక్కడున్నానో కూడా తెలియని స్థితికి వచ్చాను. ఫోను ఉంది కదా అని బాణాలు వెతకడం మానేసిన రోజున ఆరు కిలోమీటర్లు తారు రోడ్డు మీద నడిచి మడమ బొబ్బలెక్కించుకున్నాను.

సరిహద్దు దగ్గర ఫోను నన్ను ఇంకో రకంగా మోసగించింది. కమీన్యా ఊరి నుంచి మీన్యు నది దాటితే స్పెయిన్. వంతెన లేదు, పడవ మీదే దాటాలి. నది ముఖంలో ఇసుక మేటలు వేస్తుంది కనుక పడవ కదలడం ఆటుపోట్లను బట్టి ఉంటుంది. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కన్నా ఒక గంట వెనక. నది ఇవతల ఉండగానే నా ఫోను అవతలి టవరును పట్టుకుని గంట ముందుకు జరిగింది. చిన్న పడవ నడిపే అతను ఎనిమిదిన్నరకు రమ్మంటే నేను నా గడియారం ప్రకారం సరిగ్గా ఎనిమిదిన్నరకు వెళ్లి, ఖాళీ రేవులో ఒక గంట కూర్చున్నాను. ఎదురుగా సాంత త్రేగా కొండ, చలిగాలి, ఒడ్డున వల విప్పుకుంటున్న ఒక ముసలాయన. యాత్ర మొత్తంలో నేను ఏ తొందరా లేకుండా కూర్చున్నది ఆ గంటే.

గలీసియాలో అడుగుపెట్టాక బాణాలకు తోడు రాతి స్తంభాలు వస్తాయి. నీలి పలక మీద పసుపు గవ్వ, కింద బాణం, ఇంకా కింద సాంతియాగోకు మిగిలిన దూరం. ఆ దూరం కిలోమీటర్లలో, మూడు దశాంశ స్థానాల వరకు. అంత కచ్చితం ఎవరికి కావాలో నాకు అంతుబట్టలేదు. కావలసినవాళ్లున్నట్టే ఉంది, చాలా స్తంభాల మీద ఆ అంకెల పలకను ఎవరో జ్ఞాపకార్థం పీక్కుపోయారు. అంకె పోయినా దారికి ఏమీ కాలేదు, బాణం ఉంది. ఆ అంకెలు మొదలయ్యాక నా నడక మారిందన్నది మాత్రం నిజం. పోర్చుగల్‌లో తరువాతి బాణం దాకా నడిచేవాణ్ణి. ఇక్కడ మిగిలినది ఎంతో తీసివేసుకుంటూ నడిచాను.

బయోనా రేవులో కొలంబస్ ఓడల్లో ఒకటైన పింతా నమూనా ఒకటి నీళ్లలో ఊగుతూ ఉంటుంది. 1493 మార్చి 1న అసలు పింతా అక్కడికే చేరింది. కొలంబస్ అవతలి ఒడ్డు చూశాడన్న వార్త ఐరోపాకు మొదట అందింది ఆ ఊళ్లోనే. తుఫానులో రెండు ఓడలూ విడిపోతే ఒకటి బయోనాలో తేలింది, కొలంబస్ ఉన్నది లిస్బన్‌లో తేలింది. రెండూ చేరవలసిన రేవు దక్షిణ స్పెయిన్‌లోని పాలోస్. నక్షత్రాలను చూసి మహాసముద్రం దాటివచ్చినవాళ్లు కూడా నాలాగే, తప్పిపోలేదు, దారి తప్పారు.

వీగో మహానగరం దాటి, కొండ వాలున నీటి కాలువ గొట్టం వెంట సాగే చల్లటి బాట మీదుగా రెదొండేలా చేరేసరికి అంతా మారిపోతుంది. లోపలి మార్గం అక్కడ వచ్చి కలుస్తుంది. యాత్రాపత్రానికి కావలసిన చివరి 100 కిలోమీటర్ల కోసం వీగో నుంచీ తుయి నుంచీ మొదలుపెట్టినవాళ్లంతా ఆ దారిలోనే ఉంటారు. ఇక బాణాలతో పని లేదు, ముందువాడి వీపు చూస్తే చాలు. నేను అదే చేశాను. పొంతెవేద్రా దాటాక ఒకే రంగు చొక్కాలు వేసుకున్న ఇరవైమంది విద్యార్థుల వెనక, వాళ్ల పాటలు వింటూ, హాయిగా ముప్పావు గంట నడిచాను. వాళ్లు ఒక మలుపు తిరిగారు, నేనూ తిరిగాను. అక్కడ వాళ్ల బస్సు ఆగి ఉంది.

బస్సు ముందు నిలబడి నేను నవ్వుకున్నానే గానీ, ఆ నవ్వులో నాకు సింహాచలం గుర్తుకొచ్చింది. ఆషాఢ చతుర్దశి నాడు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెం ఒడ్డుకు దిగి, సముద్రస్నానం చేసి, అప్పుఘర్, వెంకోజీపాలెం, మాధవధార, గోపాలపట్నం తిరిగి మళ్లీ కొండ కిందికి చేరే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ నేను చిన్నప్పటి నుంచి చేస్తున్నాను. ఏనాడూ ఎవర్నీ దారి అడగలేదు. లక్షల మంది నడుస్తుంటే అడగవలసిన పనేముంది? మజ్జిగ పోసేవాళ్లూ పులిహోర పెట్టేవాళ్లూ ఉన్న పక్కే దారి. జనమే గుర్తు. కమీనో నుంచి వచ్చిన ఏడాది, ఒక మామూలు ఆదివారం నాడు, ఒక్కణ్ణే ఆ చుట్టు తిరిగి వద్దామని బయలుదేరాను. హనుమంతవాక కూడలి దాకా కూడా సరిగ్గా పోలేకపోయాను. ఇన్నేళ్లూ నడిచిన దారిలో ఏ సందు దగ్గర తిరగాలో నాకు తెలియదు. ఆ సందును నేనెప్పుడూ చూడలేదు, ముందున్నవాడి భుజాన్ని చూశాను. జాతీయ రహదారి దాటడానికి పావుగంట నిలబడ్డాను. ప్రదక్షిణ నాడు బండ్లు ఆగి మనుషులకు దారి ఇచ్చే ఆ చోట, మిగతా 364 రోజులూ మనిషి నడుస్తాడన్న ఊహే లేదు.

ఇక్కడే నా వాదన. గుర్తు అన్నది ఒంటరిగా వచ్చేవాడి కోసం. గుంపుకు గుర్తు అక్కరలేదు, అది తన దారిని తానే వేసుకుని, దాటిపోగానే చెరిపేసుకుంటుంది. యాత్ర అంటే కలిసి చేసేది, భజన, తోడు, గురుస్వామి, ఇవన్నీ లేకుండా ఒంటరిగా నడిచి ఏం పుణ్యం అని మా ఇంట్లోనే అన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి నల్లమల అడవి గుండా శ్రీశైలానికి నడిచివచ్చే భక్తులను నాగలూటి దగ్గర చూశాను. ముందు ఒక పెద్దాయన, వెనక పాతికమంది. ఏ మలుపులో నీళ్లుంటాయో, ఎక్కడ ఆగాలో అంతా ఆయన తలలో ఉంది. అది అందమైన ఏర్పాటే, కాదనను. అయితే ఆ ఏర్పాటులో మొదటిసారి ఒక్కతే వచ్చిన మనిషికి చోటు లేదు. గుంపుతో సమానంగా నడవలేనివారికి లేదు. ఆ రోజు కాక ఇంకో రోజు మొక్కు తీర్చుకోవాలనుకున్నవారికి లేదు. ఆ పెద్దాయన నడక మానేసిన ఏడు దారిలో సగం ఆయనతోనే ఆగిపోతుంది. కమీనోలో నేను రోజుకు ఎంతోమంది ఒంటరి ఆడవాళ్లను చూశాను. అరవై దాటినవాళ్లు, ఇరవై నిండనివాళ్లు. వాళ్లను అలా నడవనిస్తున్న సంగతులు చాలా ఉండవచ్చు గానీ, మొదటిది మాత్రం ఎవర్నీ అడగకుండా ముందుకు పోవచ్చునన్న భరోసా.

గుర్తులు పెడితే మనుషులతో మాట ఉండదనే భయం కూడా నాకు కనబడలేదు. కరేసు గ్రామంలో రెండు దారుల మధ్య నేను నిలబడి ఉంటే, పై అంతస్తు కిటికీలోంచి ఒక ముసలావిడ, నేను నోరు తెరవకముందే, చేతిలో ఉన్న కూరగాయల కత్తితోనే ఎడమ దారి చూపించింది. బాణం ఎక్కడుందో తరువాత కనిపించింది, ఆవిడ పూలకుండీ వెనక.

సాంతియాగోలో పాత నగరంలోకి అడుగుపెట్టాక గుర్తులు పలచబడతాయి. శిఖరాలు కనిపిస్తుంటాయి కనుక ఎవరికీ పట్టదు. పెద్ద చర్చి ముందరి ఒబ్రదోయిరో చౌకులో రాళ్ల మీద సంచులు తల కింద పెట్టుకుని యాత్రికులు వెల్లకిలా పడుకుని ఉంటారు. నేనూ ఒక అరగంట పడుకున్నాను.

పోయిన డిసెంబరులో నేనూ ఇద్దరు మిత్రులూ గిరిప్రదక్షిణ దారినంతా తెల్లవారుజామున నడిచి, కొత్తగా వచ్చిన ఒక్క మనిషికి ఏ మలుపు దగ్గర గుర్తు కావాలో నోటుపుస్తకంలో రాసుకున్నాం. 41 చోట్లు తేలాయి. వాటిలో 9 చోట్ల గుర్తు వేయడానికి గోడే లేదు, ఉన్న స్తంభాల నిండా పోస్టర్లే. రెండు చోట్ల, గుర్తు వేస్తే మనిషిని నేరుగా లారీల కిందికి పంపినట్టవుతుంది కనుక, ముందు రోడ్డు దాటే మార్గం ఉండాలని రాసుకున్నాం. జోడుగుళ్లపాలెం దగ్గర బాణం సముద్రం వైపు చూపించాలా, లేక స్నానం చేసి తిరిగివచ్చేవారి కోసం రోడ్డు వైపా అన్నది అరగంట చర్చ. రంగు దగ్గర మాత్రం పని ఆగిపోయింది. అప్పన్న దారి కనుక చందనం రంగే ఉండాలని ఒకాయన పట్టు. చందనం రంగు మన ఊరి దుమ్ము గోడల మీద మూడు అడుగుల దూరం నుంచి కూడా కనిపించదని నేను ఒక డబ్బా కొని మా ప్రహరీ మీద గీసి చూపించాను. పెద్దమ్మ వచ్చి చూసి, గోడకు ఆ మరకేటని అడిగింది.